పొగగొట్టం ఎత్తు పెంచితే గంధకం ఎక్కడ దిగుతుంది?

బొగ్గు కరెంటు కేంద్రాలు వదిలే గంధకం మీద 2025 జులైలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఒక నోటిఫికేషన్ గురించి మన గోదావరి జిల్లాల్లో పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. డెల్టాలో పెద్ద బొగ్గు కరెంటు కేంద్రమేదీ లేదు. జేగురుపాడు, సామర్లకోట వైపు ఉన్నవి గ్యాసు మీద నడవడానికి కట్టినవి. అందుకని ఆ వార్త మనది కాదులే అనుకుని పేపరు మడిచేశాం. అది ముమ్మాటికీ మన వార్తేనని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ నోటిఫికేషన్ దేశంలోని బొగ్గు కేంద్రాలను మూడు రకాలుగా విడదీసింది. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మొదటి రకం. ఇవి 2027 ఆఖరుకల్లా గంధకాన్ని పట్టే యంత్రాలు పెట్టుకోవాలి. బాగా కలుషితమైనవని ఇప్పటికే గుర్తించిన ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి రెండో రకం. వీటి సంగతి నిపుణుల కమిటీ ఒక్కొక్కటిగా తేలుస్తుంది. మిగిలినవన్నీ మూడో రకం, సుమారు 78 శాతం ఇందులోకే వస్తాయి. 2015 డిసెంబరులో పెట్టిన సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి వీటికి ఇక వర్తించదు. పొగగొట్టం ఎత్తు నిబంధన ప్రకారం ఉంటే చాలు.

2015లో పెట్టిన ఆ పరిమితి రెండేళ్ళలో అమలు కావాల్సింది. 2017 వెళ్ళిపోయింది, గడువు 2022కు జరిగింది, ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ జరిగింది. పదేళ్ళు తిరిగేసరికి ఎక్కువ కేంద్రాలకు అసలు పరిమితే లేకుండా పోయింది.

దీనికి చూపించిన కారణాలు ముఖ్యంగా రెండు. మన దేశపు బొగ్గులో గంధకం తక్కువ, బరువులో అర శాతం దాకానే ఉంటుంది అన్నది ఒకటి. కేంద్రాల చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ కొలిస్తే జాతీయ పరిమితికి లోబడే ఉంది అన్నది రెండోది. ఆ పరిమితి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు. ఈ రెండు మాటలూ అబద్ధాలు కావు. కానీ వాటిని పట్టుకుని గంధకంతో ఇబ్బందేమీ లేదని తేల్చడం, గంధకం గాలిలోకి వెళ్ళాక ఏమవుతుందో తెలిసినవాళ్ళు చేయకూడని పని.

బొగ్గులోని గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఆ రూపంలో అది గాలిలో ఉండేది సగటున ఒకటి రెండు రోజులే. తడి తగిలితే అక్కడే కరిగిపోతుంది. ఆకు మీది మంచు, ఊడ్పులైన చేలో నిలిచిన నీళ్ళు, సముద్రం, ఇవన్నీ దాన్ని ఇట్టే పీల్చుకుంటాయి. తడి తగలకపోతే పగటి ఎండలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన అణు శకలాలు దాన్ని మెల్లగా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ ఒక్క దారే ఉంటే వారం పైనే పట్టేది. కానీ మబ్బో పొగమంచో ఎదురైతే ఇంత ఆలస్యం ఉండదు. నీటి బొట్టులో కరిగిన సల్ఫర్ డయాక్సైడ్‌ను, అదే బొట్టులో ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్ చూస్తుండగానే సల్ఫేట్‌గా, అంటే ఆ ఆమ్లపు రూపంలోకే, మార్చేస్తుంది. ప్రపంచం మొత్తం మీద సల్ఫేట్‌లో ఎక్కువ భాగం తయారయ్యేది ఇలా మబ్బుల్లోనే.

మబ్బులన్నీ కురవవు. చాలా మబ్బులు కురవకుండానే విడిపోతాయి. అప్పుడు నీరు ఆవిరైపోయి, లోపలి సల్ఫేట్ సన్నటి రేణువుగా గాలిలోనే మిగిలిపోతుంది. దాని అడ్డుకొలత సాధారణంగా ఒక మైక్రాన్ లోపే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. తన బరువుకు తాను కిందకు దిగలేనంత తేలిక. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి సంచుల దాకా వెళ్ళిపోయేంత చిన్నది. ఫోను యాప్‌లో పిఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నటి రేణువులు) అని చూసే అంకెలో ఈ సల్ఫేట్ కూడా ఉంటుంది. వాన కడిగేదాకా, అంటే సగటున నాలుగైదు రోజుల నుంచి వారం దాకా, ఇది గాలితో పాటు తిరుగుతూనే ఉంటుంది.

ఇక దూరం లెక్క చూడండి. గంటకు 18 కిలోమీటర్ల గాలి అంటే పెద్ద గాలేమీ కాదు, కొబ్బరాకు కదులుతుంది, అంతే. ఆ గాలి రోజుకు 430 కిలోమీటర్లు పోతుంది. తెలంగాణలో బొగ్గు కేంద్రాలున్న పాల్వంచ నుంచి రాజమహేంద్రవరానికి తిన్నగా కొలిస్తే 130, 140 కిలోమీటర్లు. రామగుండం నుంచి 300. ఒడిశాలోని తాల్చేరు, ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే పొగగొట్టం దగ్గర వాయువుగా బయల్దేరిన గంధకం, రేణువుగా మారడానికి పట్టే సమయంలోనే డెల్టా దాకా వచ్చేయగలదు. కేంద్రం పక్కన మీటరు పెట్టి సల్ఫర్ డయాక్సైడ్ కొలిచేవాళ్ళకు ఈ రేణువు కనిపించదు. డెల్టాలో పిఎం 2.5 కొలిచేవాళ్ళకు రేణువు కనిపిస్తుంది గానీ అది ఎక్కడి బొగ్గుదో కనిపించదు. మధ్యలో లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు.

గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాతీయ జాబితాలో రాజమహేంద్రవరం ఉంది, ఏలూరు కూడా ఉంది. నిబంధన ప్రకారం ఆ ఊళ్ళ కోసం చూసేది మాత్రం వాటికి 10 కిలోమీటర్ల లోపు ఉన్న బొగ్గు కేంద్రాలనే. ఆ పరిధిలో కేంద్రమే లేనప్పుడు ఇక చూడాల్సిందేమీ లేదని అర్థం. రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు పోయే గాలికి పది కిలోమీటర్ల హద్దు ఎలా గీశారో నాకు అర్థం కాదు.

పొగగొట్టం ఎత్తు సంగతి ఇంకా విచిత్రం. మన దేశంలో 500 మెగావాట్లు, ఆ పైన ఉన్న యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం కడతారు. అంత ఎత్తు ఎందుకంటే, పొగ పైన గాలిలో కలిసి పలచబడి, దగ్గరలోని ఊళ్ళ మీద పడకుండా ఉండటానికి. దగ్గరి ఊళ్ళకు అది మేలే, కాదనను. కానీ గంధకం ఒక్క గ్రాము కూడా తగ్గదు. పైగా ఎత్తులో వదిలితే నేల మీది తడికి దొరకదు కాబట్టి, దగ్గర్లోనే దిగిపోవాల్సినది కూడా దూరం వెళ్ళి సల్ఫేట్ అవుతుంది. ‘చుట్టుపక్కల కొలిస్తే తక్కువే ఉంది’ అని ఆ పొగగొట్టాన్నే సాక్ష్యానికి పిలవడం న్యాయం కాదు.

డెల్టాలో శివారు భూమి ఉన్న రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పై చేల వాళ్ళు ముంపు వదిలించుకోవడానికి గండి కొడితే, వాళ్ళ పొలంలో నీటిమట్టం తగ్గిన మాట నిజమే. ఆ నీళ్ళు శివారు చేలో నిలబడ్డ మాట కూడా అంతే నిజం.

ఇది మనతో మొదలైన కొత్త పాఠం కూడా కాదు. 1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజులు కమ్మేసిన పొగమంచు వేల మందిని చంపింది. బొగ్గు గంధకం పొగమంచు బొట్ల మీద ఆమ్లంగా మారితే ఏమవుతుందో ప్రపంచం కళ్ళారా చూసింది. ఆ తర్వాతి కాలంలో బ్రిటన్ కరెంటు కేంద్రాలకు పొడవాటి పొగగొట్టాలు కట్టుకుంది. ఊళ్ళలో గాలి తేటపడింది. గంధకం సముద్రం దాటి స్వీడన్, నార్వే చెరువుల్లో దిగి, చేపల్ని పోగొట్టింది. 1967, 68 ప్రాంతంలో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఓడెన్ ఈ సంగతి గట్టిగా చెప్పేదాకా ‘పొగ సముద్రం దాటుతుందా’ అన్నవాళ్ళే ఎక్కువ. కెనడాలోని సడ్బరీలో నికెల్ కరిగించే కర్మాగారానికి 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టారు. సడ్బరీ చుట్టూ మళ్ళీ పచ్చదనం మొదలైంది, ఆమ్లం దూరపు సరస్సుల మీద కురిసింది. 1979లో యూరప్ దేశాలు, అమెరికా, కెనడా కలిసి దూరాలు దాటే కాలుష్యం మీద ఒప్పందం చేసుకున్నది ఈ అనుభవంతోనే.

గంధకాన్ని పొగగొట్టం లోపలే పట్టడం కొత్త విద్య అనుకునేవాళ్ళకు ఒక మాట. లండన్‌లోని బ్యాటర్సీ కరెంటు కేంద్రంలో 1930లలోనే పొగను నీటితో కడిగారు. ఆ కడిగిన నీళ్ళను థేమ్స్ నదిలోకే వదిలారు, అది వేరే సంగతి. సున్నపురాయి పొడి కలిపిన నీళ్ళను పొగ మీద చల్లి గంధకాన్ని జిప్సంగా మార్చే పద్ధతి జపాన్, అమెరికా, జర్మనీల్లో దశాబ్దాలుగా నడుస్తోంది. చైనా 2005 తర్వాత పదేళ్ళలోపే తన బొగ్గు కేంద్రాల్లో చాలావాటికి ఈ యంత్రాలు బిగించింది. ఉపగ్రహ కొలతల ఆధారంగా 2017లో వచ్చిన ఒక అధ్యయనం, 2007 నుంచి చైనా సల్ఫర్ డయాక్సైడ్ 75 శాతం తగ్గిందనీ, మనది 50 శాతం పెరిగిందనీ, మనం చైనాను దాటేసే దశకు వచ్చామనీ లెక్క తేల్చింది.

ఇక్కడ నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. డెల్టాలో గంధకం కంపు మనకు కొత్తా? మడ అడవుల బురద, మురుగు కాలువలు, రొయ్యల చెరువులు, ఇవన్నీ వదిలేది గంధకమే కదా, ఎక్కడో ఉన్న బొగ్గును ఆడిపోసుకోవడం ఎందుకు? ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు.

గంధకం విషయంలో డెల్టా నిజంగానే ప్రత్యేకమైన చోటు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. నదినీటిలో దానితో పోలిస్తే నామమాత్రం. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మొగల దగ్గర ఆ ఉప్పునీరు, ఆకులూ అలములూ కుళ్ళిన బురదతో కలుస్తుంది. ఆక్సిజన్ అందని ఆ బురదలో ఒక జాతి బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌ను వాడుకుని బతుకుతుంది. అది వదిలేదే హైడ్రోజన్ సల్ఫైడ్. కోరింగ మడల్లో పోటు తీసినప్పుడు వచ్చే కుళ్ళిన కోడిగుడ్డు వాసన అదే. ఉప్పునీరు ఎక్కే చేలల్లో నీళ్ళు నిలిచిపోయి వరి వేళ్ళు నల్లబడితే దాని వెనక ఉండేదీ అదే. పూజగదిలో వెండి కుందులు నల్లబడేది కూడా గాలిలోని ఈ జాతి వాయువుల వల్లే.

మా బాబాయి వాళ్ళకు ముమ్మిడివరం వైపు వనామి రొయ్యల చెరువు ఉంది. పంట సగం దాటాక మేత మిగులు, రొయ్యల పెంట అడుగున పేరుకుని గ్యాసు పడుతుంది. దాన్ని లేపడానికి గొలుసు లాగుతారు. ఎండ బాగా ఎక్కి, నీళ్ళలో ఆక్సిజన్ పెరిగాకే దిగుతారు. తెల్లవారుజామున దిగితే రొయ్య తట్టుకోలేదు. నలుగురు మనుషులు రొమ్ముల్లోతు నీళ్ళలో నిలబడి, బరువైన ఇనుప గొలుసు కట్టిన తాడును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈడుస్తారు. గొలుసు వెళ్ళిన దారంతా సన్న బుడగలు లేస్తాయి. గట్టు మీద నిలబడి చూస్తున్న నన్ను నీళ్ళలోంచి ఒకాయన కేకేశాడు: “అలా గాలివాటుకి నిలబడకండి బాబుగారూ, తలనొప్పి వచ్చేస్తాదండి. ఇటుపక్కకి వచ్చేయండి.” గొలుసుకు అంటుకుని పైకి వచ్చిన అడుగుమట్టి నల్లటి నలుపు. అది ఐరన్ సల్ఫైడ్. దాన్ని గట్టు మీద ఎండలో వదిలేస్తే అంచుల నుంచి మొదలై మెల్లగా బూడిద రంగుకు, ఆ తర్వాత తుప్పు రంగుకు తిరుగుతుంది. గాలి తగలగానే సల్ఫైడ్ మళ్ళీ సల్ఫేట్ వైపు నడవడం కళ్ళ ముందే కనిపిస్తుంది.

ఆ మట్టి రంగులోనే పై ప్రశ్నకు సగం జవాబుంది. బురదలో పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్‌లో చాలా భాగం అక్కడి ఇనుము పట్టుకుని సల్ఫైడ్‌గా నిలబెట్టేస్తుంది. ఇంకొంత, పైపొరలో ఆక్సిజన్ తగిలి తిరిగి సల్ఫేట్ అవుతుంది. గాలిలోకి తప్పించుకునేది కొద్దిగానే. ముక్కు మరీ తక్కువ మోతాదును కూడా పట్టేస్తుంది కాబట్టి అది ఎక్కువని మనకు అనిపిస్తుంది. తప్పించుకున్నది కూడా నేల మట్టంలోనే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో సల్ఫర్ డయాక్సైడ్ అయి, ఎక్కువగా చుట్టుపక్కల తడి మీదే దిగుతుంది. మూసిన చోట, మ్యాన్‌హోల్‌లో, ఇదే వాయువు ప్రాణాలు తీస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది, అదీ దీనితో ఉన్న ప్రమాదం. కానీ ఆరుబయట మడ బురద, 275 మీటర్ల పొగగొట్టం ఒక తక్కెడలో తూగేవి కావు.

సముద్రం వదిలే గంధకం ఇంకో రకం. కంటికి ఆనని నాచు జీవులు చేసే డైమిథైల్ సల్ఫైడ్ అది. సముద్రపు గాలికి ఉండే ఆ వాసనలో కొంత దీనిదే. 1970ల మొదట్లో బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ ఓడలో అట్లాంటిక్ మీదుగా వెళుతూ దీన్ని కొలిచాడు. ప్రకృతి ఏటా గాలిలోకి వాయువుగా వదిలే గంధకంలో ఎక్కువ వాటా దీనిదే. ఇది సముద్రం మీది మబ్బులకు గింజలు అందిస్తూ వాతావరణాన్ని అదుపులో పెడుతుందని 1987లో లవ్‌లాక్, మరో ముగ్గురు ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు దాన్ని అంత సూటిగా బలపరచలేదు. ఏమైనా ఇది కోట్ల ఏళ్ళుగా నడుస్తున్న రాకపోక. బొగ్గు ఈ రాకపోక మీద అదనంగా మోపిన బరువు.

ఎంత బరువో లెక్క వేద్దాం. టన్ను బొగ్గులో అర శాతం అంటే 5 కిలోల గంధకం. వినడానికి తక్కువే. మండాక అది 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్. నీటితో కలిసి ఆమ్లమైతే 15 కిలోలు. ఆ ఆమ్లం గాలిలో ఊరికే ఉండదు, అమ్మోనియా దొరికితే పట్టుకుని అమ్మోనియం సల్ఫేట్ రేణువు అవుతుంది. అప్పుడు ఇరవై కిలోల పైన. పైగా మన బొగ్గులో బూడిద 35 నుంచి 45 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు మండించాలి. వెయ్యి మెగావాట్ల కేంద్రం ఏడాదికి దగ్గర దగ్గర 50 లక్షల టన్నులు మండిస్తుంది. గంధకం తక్కువ అని శాతంలో చెప్పి ఊరుకుంటే సరిపోదు, టన్నుల్లో చెప్పాలి: 50 వేల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్, ఏటా, ఒక్క కేంద్రం నుంచి.

అమ్మోనియా అన్నాను కదా, అది ఎక్కువగా వచ్చేది పశువుల పెంట నుంచి, పొలాల్లో చల్లే యూరియా నుంచి. నిలిచిన నీళ్ళలో యూరియా చల్లితే అందులో చెప్పుకోదగ్గ భాగం అమ్మోనియాగా ఎగిరిపోతుంది. దాళ్వాలో బస్తాలకు బస్తాలు చల్లే మన డెల్టా గాలిలో అమ్మోనియాకు కరువుండదు. అంటే పైనుంచి వచ్చే ఆమ్లానికి జత ఇక్కడే సిద్ధంగా ఉంది. ఈ వాటా మనదే, దాన్ని కూడా తగ్గించుకోవాలి. యూరియాను విడతలుగా, బురద పదునులో వేయమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది ఖర్చు కోసమే అనుకుంటాం. గాలి కోసం కూడా.

ఏ కాలంలో ఇది ఎక్కువ? వానాకాలంలో కాదు. నైరుతి ఋతుపవనాలు గాలిని కడిగినట్టు ఇంకేదీ కడగదు. మబ్బు కట్టేటప్పుడే సల్ఫేట్ రేణువు దానికి గింజ అవుతుంది, కురిసేటప్పుడు చినుకు దారిలో దొరికినదాన్ని తుడిచేస్తుంది. అసలు ఇబ్బంది కార్తీకం వెళ్ళాక మొదలవుతుంది. వానలు ఉండవు. ఉత్తర, ఈశాన్య గాలులు గంగా మైదానం పొగను బంగాళాఖాతం మీదుగా దించుతాయి. 1999 జనవరి నుంచి మార్చి దాకా వాతావరణ శాస్త్రవేత్తలు క్రుట్జెన్, రామనాథన్ ముందుండి నడిపిన ఇండోఎక్స్ పరిశోధన, హిందూ మహాసముద్రం మీద లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న గోధుమ రంగు మసకను కొలిచింది. అందులో మసితో పాటు సల్ఫేట్ ముఖ్యమైన భాగం. ధనుర్మాసంలో మనకు తెల్లవారుజామున పట్టే మంచును గమనించండి. గాలిలో తేమ పెరిగేకొద్దీ సల్ఫేట్ రేణువు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఏటి అవతలి ఒడ్డు కనిపించకుండా పోతుంది. సూర్యుడు వచ్చి మంచు విడిపోయాక కూడా దూరాన ఒక తెల్లటి మసక మిగిలితే, అది మంచు మాత్రమే అనుకోవడానికి లేదు.

ఆమ్ల వర్షం అన్న భయం మన దగ్గర యూరప్‌లో ఉన్నంత ఉండదు. మన నేలల ధూళిలో సున్నం పాలు ఎక్కువ, అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. అయితే 1970ల నుంచి వాన నీటి రసాయనాన్ని కొలుస్తున్న వాతావరణ శాఖ కేంద్రాలు దేశంలో పది ఉన్నాయి, విశాఖ వాటిలో ఒకటి. వాటిలో చాలాచోట్ల దశాబ్దాల మీద వాన మెల్లగా ఆమ్లం వైపు జరిగింది. ధూళి ఎంతకాలం కాచుకుంటుందన్న భరోసా మీద విధానం నడపకూడదు.

ఎదుటి వాదనల్లో గట్టివి రెండున్నాయి. గంధకాన్ని పట్టే యంత్రానికి కరెంటు కావాలి, సున్నపురాయి కావాలి, సున్నపురాయి నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి వాతావరణానికి చేటు అంటారు. నిజమే, వస్తుంది. టన్ను బొగ్గులోని గంధకాన్ని పడితే 7 కిలోలు. ఆ టన్ను బొగ్గు మండి వదిలేది దాదాపు ఒకటిన్నర టన్ను. యంత్రం తినే కరెంటు ఒకటి రెండు శాతం కూడా కలుపుకోండి. మిగతా తొంభై ఎనిమిది పాళ్ళ గురించి మాట్లాడకుండా ఈ కాస్తను అడ్డుపెట్టుకోవడం వాతావరణం మీద ప్రేమతో అనిపించదు.

రెండోది నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది. సల్ఫేట్ ఎండను వెనక్కి తిప్పి కొడుతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ను వాన మబ్బులకు పైనుండే స్ట్రాటోస్ఫియర్‌ పొరలోకి ఎగదోస్తే, మరుసటి ఏడు భూగోళం అర డిగ్రీ చల్లబడింది. అక్కడ వాన లేదు, కడిగేవాళ్ళు లేరు, అందుకే ఏడాది పైగా నిలిచింది. మనుషులు వదిలిన గంధకం కూడా ఇప్పటిదాకా పెరిగిన వేడిలో దాదాపు అర డిగ్రీని కప్పిపెట్టిందని వాతావరణ మార్పుల అంతర్జాతీయ సంఘం 2021 నివేదిక లెక్క. మరి గంధకం తీసేస్తే వేడి పెరగదా? కొంత పెరుగుతుంది. దాచిన వేడి బయటపడుతుంది. కానీ ఈ నీడకు మనం కడుతున్న ధర ఏమిటో కూడా అదే నివేదికలో ఉంది: 20వ శతాబ్దం రెండో సగంలో దక్షిణాసియా ఋతుపవనాలు బలహీనపడటానికి ముఖ్య కారణం ఈ రేణువులే. నేల మీద ఎండ తగ్గితే సముద్రానికీ నేలకూ వేడి తేడా తగ్గుతుంది, వానను లాక్కొచ్చేది ఆ తేడాయే. సార్వా నారుమళ్ళు పోసుకుని ఆకాశం వంక చూసే ప్రాంతం నీడ కావాలని కోరుకోదు. పైగా గంధకం వారానికి దిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉంటుంది. నీడ కోసమని గంధకం వదులుతూ పోతే ఎప్పటికీ వదులుతూనే ఉండాలి.

ఖర్చు మాటకొస్తే, ఈ మినహాయింపుతో యూనిట్‌కు పాతిక ముప్పై పైసలు మిగులుతాయని అప్పట్లో పత్రికల్లో అంచనాలు వచ్చాయి. చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. ఆస్పత్రి బిల్లుల్లో ఆ పైసలు వేరే పేరుతో కడుతున్నామని మాత్రం ఎవరూ లెక్క రాయరు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. పొగగొట్టంలో పట్టుకుంటే ఆ 5 కిలోల గంధకం దాదాపు 27 కిలోల జిప్సం అవుతుంది. కారుచౌడు విరగడానికి రైతు కొనేది జిప్సమే. వేరుశనగకు ఊడలు దిగే వేళ వేసేదీ జిప్సమే. ఒకప్పుడు పొలాల్లో అమ్మోనియం సల్ఫేట్, సూపర్ ఫాస్ఫేట్ వేసేవారు. మొదటిదాంట్లో 24 శాతం, రెండోదాంట్లో 11 శాతం గంధకం ఉంటుంది. యూరియా, డీఏపీ వచ్చాక నేలకు గంధకం అందడం తగ్గిపోయింది. లోపం దేశమంతా కనిపించి, 2023లో గంధకం పూత వేసిన యూరియాను యూరియా గోల్డ్ పేరుతో ప్రభుత్వమే తెచ్చింది. ఒక చేత్తో గంధకాన్ని గాలిలోకి వదిలేసి, ఇంకో చేత్తో గంధకం పూసిన యూరియా అమ్ముతున్నాం. గాలి నుంచి పడేది కూడా పైరుకు ఎరువే కదా అనేవాళ్ళుంటారు. గాలి అది ఎవరి చేలో ఎంత వేయాలో అడిగి వేయదు, దారిలో ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వెళ్ళిందో చెప్పదు. కేంద్రాల నుంచి వచ్చే జిప్సంలో పాదరసం, ఇతర లోహాలు ఎంతున్నాయో పరీక్షించాకే పొలానికి పంపాలి, అది తప్పనిసరి. మిగిలితే సిమెంటుకు పోతుంది.

నేను కోరేది ముందుగా ఆ 10 కిలోమీటర్ల నియమం పోవాలని. కేంద్రం ఎక్కడ ఉందన్నది వదిలేసి, అది ఏడాదికి ఎన్ని టన్నులు వదులుతోందన్న దాని మీద నిబంధన ఉండాలి. రాజమహేంద్రవరంలో, కాకినాడలో పిఎం 2.5ను తూకం వేసి వదిలేయకుండా, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానైనా అందులో సల్ఫేట్ ఎంతో విడగొట్టి చెప్పాలి.

అది జరిగేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు. అమలాపురం, భీమవరం, కాకినాడ డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబుల్లో చేయగల పని ఇది. శుభ్రమైన ప్లాస్టిక్ గరాటు, సీసా మేడ మీద పెట్టి వాన నీళ్ళు పట్టాలి. వాన మొదలయ్యాక మూత తీయాలి, లేకపోతే ముందు పడిన ధూళి కలుస్తుంది. చాలా రోజుల ఎండు తర్వాత పడే మొదటి వానలో సల్ఫేట్ ఎక్కువగా ఉంటుంది, దాన్ని విడిగా పట్టాలి. నీటిని కొంత ఇంకించి బేరియం క్లోరైడ్‌తో సల్ఫేట్, ఫ్లేమ్ ఫోటోమీటరుతో సోడియం చూడొచ్చు. సముద్రపు తుంపరలో ప్రతి గ్రాము సోడియానికి పావు గ్రాము సల్ఫేట్ ఉంటుంది. సోడియాన్ని బట్టి ఆ వాటా తీసేస్తే మిగిలేది ఉప్పుగాలి తెచ్చినది కాదు. అందులో మన మడల, చెరువుల వాటా కూడా కొంత ఉంటుంది కాబట్టి, నేల మీది నుంచి గాలి వీచిన రోజుల నీళ్ళను సముద్రం మీది నుంచి వీచిన రోజుల నీళ్ళతో పోల్చి చూడాలి. రెండు మూడు కాలేజీలు ఒకే పద్ధతిలో నాలుగైదేళ్ళు ఆపకుండా చేస్తే, మంత్రిత్వ శాఖ ముందు పెట్టడానికి డెల్టాకు తన సొంత అంకెలు ఉంటాయి.